రెండో పిడికిలి

పోయిన వారం వసంతకుమారిని ఫ్రీమాంట్ లైబ్రరీ మెట్ల మీద వదిలి వచ్చాం. ఒళ్ళో ఒక పాత పుస్తకం. బూడిదరంగు గుడ్డ అట్ట, వెన్ను మీద వెలిసిపోయిన బంగారు అక్షరాలు. ఎక్కడో ఒహాయోలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉంటే, ఫారం నింపి మూడు వారాలు ఎదురుచూసి తెప్పించుకుంది. నలభై ఒకటో పేజీ తీసి, చదివి, మూసి, మళ్ళీ తీసి మొదటినుంచి చదివింది.

ఎందుకు తెప్పించుకుందో మరిచిపోయినవాళ్ళ కోసం రెండు మాటలు. నైల్స్ పేటలో రైలు పట్టాల పక్కన ఒక చెక్క ఇల్లు. అందులో మిస్ హెస్టర్ గిల్‌మోర్ అని డెబ్బై ఏడేళ్ళ ఐరిష్ కవయిత్రి. యాభై ఏళ్ళలో ఏడు పుస్తకాలు రాసింది. ఆ ఏడింటినీ కలిపి ఒక్క పెద్ద పుస్తకంగా వేస్తామని బోస్టన్ నుంచి ప్రచురణకర్త రాశాడు. వాటిని టైపు చేసే పనికి వసంతకుమారి కుదిరి ఎనిమిది నెలలయింది. ఆవిడ భోజనాల బల్ల మీద ఏడు బిస్కెట్ డబ్బాలు ఉంటాయి, పుస్తకానికొక డబ్బా. మూడో డబ్బాలో మూడు కాపీలుంటే, మూడింటిలోనూ నలభై ఒకటో పేజీ లేదు. ఎలుకలు కొట్టాయి అంది ముసలావిడ. స్కేలు పెట్టి గీసినట్టు కొట్టే ఎలుకలు తన సొంతూరు లాకులపాలెంలో లేవు, నైల్స్‌లోనూ ఉంటాయని వసంతకుమారి అనుకోలేదు.

అనుమానం అక్కడ మొలిచింది. అది పెరగడానికి ఇంకొక కారణం ఉంది. ఏప్రిల్ నెలలో, ఈస్టరు ముందు వారం, టీ తాగుతూ మాటల్లో మాటగా వసంతకుమారి తన ఊరి సంగతి ఒకటి చెప్పింది. అన్నం వండబోయే ముందు కొలిచిన బియ్యంలోంచి అమ్మ ఒక పిడికెడు వెనక్కి తీసి, విడిగా పెట్టిన డబ్బాలో వేసేది. వారమంతా అలా పోగైన బియ్యం ఆదివారం గుడికి, అంటే ఊళ్ళో చర్చికి, పోయేది. తమ వాళ్ళలో ప్రతి ఇంట్లోనూ ఆ పద్ధతి ఉంది. అది వింటున్నంతసేపూ మిస్ గిల్‌మోర్ కప్పు కింద పెట్టలేదు, తాగనూ లేదు. మర్నాడు ఆవిడ నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటూ, వసంతకుమారి రాగానే మూసేసింది. నా తల్లి బియ్యం నా ముందే పద్యమైపోతోంది అనుకుంది వసంతకుమారి. ఆ పద్యానికి చోటు చెయ్యడానికే పాత పేజీ కోసేశారేమో అనుకుంది.

లైబ్రరీ మెట్ల మీద ఆ అనుమానం తిరగబడింది. పుస్తకం అచ్చయింది వెయ్యిన్ని తొమ్మిదివందల యాభై మూడులో. వసంతకుమారి పుట్టింది యాభై ఏడులో. పద్యంలో అమ్మ బియ్యం మాత్రం ఉంది.

సాయంత్రం ఆ పేజీని భర్త ముందు పెట్టింది. ఆమోసు కంప్యూటర్ చిప్స్ చేసే కంపెనీలో టెక్నీషియన్. డ్యూటీ దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, నుంచునే చదివాడు.

"మీ అమ్మగారు బియ్యం తీసిపెట్టిందని ఐర్లండు దాకా ఎవరు చెప్పుంటారు వసంతా? కాకి వెళ్ళి చెప్పిందా?" అన్నాడు. "పిడికిలి ఉన్న ఆడవాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉంటారు. వెళ్ళి ఆవిడ్ని క్వశ్చన్ చేసి జాబ్ పోగొట్టుకోకు. గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ అయ్యేదాకా మనకి ఎవరితోనూ గొడవ వద్దు."

ఆమె రెండో చరణం మీద వేలు పెట్టింది. పద్యం చిన్నది, పేరు 'కొలత'. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమె మనసులో ఎప్పుడో తెలుగు చేసుకుంది.

పొయ్యి ఇంకా రాజుకోలేదు. కొలిచిన గింజల్లోంచి
మూడు వేళ్ళ పిడికిలి ఒకటి వెనక్కి తీసింది, దేవుడి పాలు.
మళ్ళీ చెయ్యి పెట్టింది. ఇది ఎవరికని నేను అడగలేదు.
నీళ్ళకి అవతల ఎవరో ఆకలితో నిద్ర లేచారు.

"మూడు వేళ్ళేంటి?" అన్నాడు ఆమోసు.

అప్పుడు చెప్పింది. అమ్మకి తొమ్మిదో ఏట చెరుకు గానుగలో చెయ్యి పడి రెండు వేళ్ళు పోయాయి. ఆ చేత్తో పట్టే పిడికిలి చిన్నది. అందుకని అమ్మ రెండుసార్లు తీసేది. రెండోది ఎందుకమ్మా అని అడిగితే, లేని వేళ్ళ వాటా అనేది. అమ్మ పోయేనాటికి వసంతకుమారికి పదకొండేళ్ళు. అమ్మవి ఆమె దగ్గర మిగిలినవి అలాంటి మాటలు ఆరో ఏడో, ఒక ఫొటో. ఆ ఫొటోలో అమ్మ ఆ చెయ్యి పైట కింద దాచుకుంది.

"నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు ఆమోసు.

"ఎవరికీ చెప్పలేదు" అంది. "ఆవిడకీ చెప్పలేదు."

ఆమోసు కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. ఆ తరవాత గ్రీన్ కార్డు మాట ఎత్తలేదు.

గురువారం పొద్దున పదింటికి రోజూలాగే నైల్స్ వెళ్ళింది. వెళ్ళేముందు నిశ్చయించుకుంది: నా అంతట నేను ఏమీ చెప్పను, ఆవిడ చేతనే చెప్పిస్తాను. లాకులపాలెం బడిలో జక్రయ్య మాస్టారి కూతురిగా ఆమె నేర్చుకున్న విద్య అది. ఆయన తరగతిలో తప్పు చేసిన పిల్లని అడిగేవాడు కాదు. నోటు పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టి ఊరుకునేవాడు.

వసంతకుమారీ అదే చేసింది. టైపు మిషను మీద కప్పిన గుడ్డ తియ్యలేదు. బూడిదరంగు పుస్తకాన్ని ఏడు డబ్బాల ముందు, నలభై ఒకటో పేజీ దగ్గర తెరిచి పెట్టింది. పెట్టి, రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుంది.

టీ పళ్ళెంతో వచ్చిన మిస్ గిల్‌మోర్ అది చూసింది. పళ్ళెం తొణకలేదు. ఎక్కడిదని అడగలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఎవరో రాసిన పద్యం చదివినట్టు మొదటినుంచి చివరిదాకా చదివింది.

"రెండో చరణంలో కామా వద్దన్నాను" అంది చివరికి. "అయినా పెట్టారు."

"దీన్ని ఎలుకలు ముట్టుకోలేదు మిస్ గిల్‌మోర్."

"ఆ ఎలుక నేనే. నీకు తెలుసని నాకు తెలుసు, కుమారీ." ఆవిడకి వసంత అనే మాట నోరు తిరగదు. మొదటి రోజునుంచీ కుమారీ అనే పిలుస్తుంది.

ముసలావిడ కూర్చుని రెండు కప్పుల్లో టీ పోసింది. బయట గూడ్సు రైలు ఒకటి వెళ్ళింది. డబ్బాల మూతలు సన్నగా మోగి ఆగాయి. కప్పు పట్టుకున్న ముసలావిడ వేళ్ళకేసి చూస్తూ వసంతకుమారి లెక్క వేసుకుంటోంది. ఊరికే పుట్టించిన మూడు వేళ్ళు కావచ్చు. కవులు దేన్నైనా పుట్టిస్తారు. పుట్టించిన చేతికి కుడి ఎడమలుండవు.

"ఏ చెయ్యి?" అని అడిగింది.

మిస్ గిల్‌మోర్ తన కుడి చెయ్యి పైకెత్తి, చూపుడు వేలూ మధ్య వేలూ మడిచి, మిగిలిన మూడూ చూపించింది. ముసలి చెయ్యి, మచ్చలు పడ్డ చర్మం, సిరా అంటిన గోరు. ఆ మడత మాత్రం వసంతకుమారి పదకొండేళ్ళపాటు రోజూ చూసిన మడత. అలాంటి చేత్తోనే అమ్మ ఆమెకి జడ వేసేది.

"ఎవరు చెప్పారు మీకు?"

"రూత్. నా అక్క."

ఆ పేరుతో వసంతకుమారికి చిన్నప్పటి మాట ఒకటి గుర్తొచ్చింది. కాలవ లాకుల దగ్గర మిషన్ ఆసుపత్రిలో, తను పుట్టకముందు, రూతమ్మ దొరసాని అని ఒక నర్సు ఉండేదట. వీధి పంపు దగ్గర ఆడవాళ్ళు ఆవిడ మాట ఎత్తితే అమ్మ బిందె నిండినా నిండకపోయినా ఎత్తుకుని వచ్చేసేది. ఆ దొరసానికి ఇంటిపేరొకటి ఉంటుందనీ, అది గిల్‌మోర్ అయి ఉంటుందనీ ఎవరు అనుకుంటారు? దొరసానులకి ఇంటిపేర్లు ఉంటాయని లాకులపాలెంలో ఎవరికీ తోచలేదు.

ముసలావిడ చెప్పుకుపోయింది. చెప్పేటప్పుడు వసంతకుమారి ముఖం చూడలేదు, డబ్బాలనే చూసింది. రూత్ ప్రతి నెలా ఉత్తరం రాసేదట. రోగుల సంగతులు, కాలవ సంగతులు, ఎండ. యాభై రెండులో ఒక ఉత్తరంలో ఈ పిడికిలి సంగతి రాసింది. ఇది నీ ఒక్కదానికే, ఎవరికీ చెప్పకు అని కింద గీత గీసి మరీ రాసింది. హెస్టర్ ఎవరికీ చెప్పలేదు, పద్యం రాసింది. అంతకుముందు రెండు పుస్తకాలు వేస్తే పట్టించుకున్నవాళ్ళు లేరు. ఈ ఒక్క పద్యం బడి పుస్తకాలకి ఎక్కింది, రేడియోలో చదివారు. జనం దాన్ని ఐర్లండులో డోనెగాల్ పల్లెలో ఎవరో తల్లి కథ అనుకున్నారు. ఆవిడ కాదనలేదు. అచ్చయిన పుస్తకం లాకులపాలెం చేరిన నెలనుంచి రూత్ ఉత్తరాలు ఆగిపోయాయి. చచ్చిపోయేదాకా మళ్ళీ ఒక్క ముక్క రాయలేదు.

"అందుకని కోసేశారా?"

"నా ఇంట్లో ఉన్నవి కొయ్యగలిగాను. ఊళ్ళో ఉన్నవి కొయ్యలేకపోయాను." మిస్ గిల్‌మోర్ కళ్ళజోడు తీసి గౌను అంచుతో తుడుచుకుంది. "ఇప్పుడు బోస్టన్ వాడు అది లేకపోతే పుస్తకమే వద్దంటున్నాడు. అందరికీ గుర్తున్నది అదొక్కటే, తక్కిన మూడు వందల పద్యాలూ దానికి తోడు అంటున్నాడు. నిజమే కావచ్చు."

వసంతకుమారికి జాలి వెయ్యబోయి ఆగింది. ఎందుకంటే టీ కుండ కింద మడత పెట్టిన కాగితం కొస ఒకటి కనిపించింది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఏ కాగితం ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఇది కొత్తది. అడక్కుండానే కుండ జరిపి, తీసి చదివింది.

అది అనుమతి పత్రం. 'కొలత' అనే పద్యంలో వర్ణించిన స్త్రీ వారసురాలినైన నేను, దానిని సమగ్ర సంపుటంలో ప్రచురించడానికి అభ్యంతరం లేదని ఒప్పుకుంటున్నాను అని రాసి ఉంది. పేరు దగ్గర ఖాళీ. అక్షరాలు వసంతకుమారి మిషనువి కావు, ఇంకెక్కడో కొట్టించారు. పైన తేదీ జనవరి పదహారు. ఆమె పనిలో చేరింది ఫిబ్రవరి ఆరున.

"నేను రాకముందే నా కోసం కాగితం తయారైందన్నమాట" అంది.

ఆ మాటకి మొదటిసారిగా ముసలావిడ తొణికింది. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వసంతకుమారి వాళ్ళ తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునే హాలు మిస్ గిల్‌మోర్ వెళ్ళే చర్చిదే. అక్కడ పాస్టరుగారిని పట్టుకుని, మీవాళ్ళలో ఫలానా కాలవ లాకుల ఊరివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని రెండేళ్ళపాటు అడుగుతూ వచ్చింది. పోయిన క్రిస్మస్‌కి ఆయన, ఆమోసు భార్యది ఆ ఊరే, టైపు కూడా వచ్చు అన్నాడు. అప్పుడు పుట్టింది టైపు ఉద్యోగం. అంతకుముందు తన పద్యాలన్నీ మిస్ గిల్‌మోర్ తనే టైపు చేసుకునేది.

వసంతకుమారి తన ఎనిమిది నెలలూ వెనక్కి తిప్పుకుని చూసింది. మొదటివారంలోనే ఊరి పేరు, తల్లి పేరు, ఇంట్లో ఎంతమంది అని అడిగిన ప్రశ్నలు. బిస్కెట్లు. చలికాలంలో ఇచ్చిన ఊలు శాలువా. ప్రేమ అనుకుని పుచ్చుకున్న ప్రతి వస్తువుకీ వెనకవైపు ఇంకొక ముఖం కనిపించింది.

"సంతకం కావాలంటే మొదటిరోజే అడగొచ్చుగా. చేసేదాన్నేమో."

"అడక్కుండా రెండోసారి అచ్చు వెయ్యడానికి మనసొప్పక వెతికాను, కాని నువ్వు ఎవరి కూతురివో నాకు రూఢిగా తెలియదు. నాకు తెలిసింది ఊరు, ఒక చెయ్యి. నీ తల్లి చేతి సంగతి ఎప్పటికైనా చెబుతావని ఎదురుచూశాను. బియ్యం సంగతి చెప్పావు. చేతి సంగతి చెప్పలేదు." ఆవిడ కాస్త నవ్వింది. "నువ్వు నన్ను కనిపెట్టి చూస్తున్నావని నాకు తెలుసు కుమారీ. నేనూ నిన్ను కనిపెట్టి చూస్తున్నాను. ఒకే బల్ల దగ్గర రెండు పిల్లులం."

వసంతకుమారి నవ్వలేదు. ఆ కాగితాన్ని మళ్ళీ అదే మడతల్లో మడిచి, టీ కుండ కింద ఎలా ఉండేదో అలాగే పెట్టింది. రూత్ రాసిన ఉత్తరం చూడకుండా దేనిమీదా సంతకం పెట్టనని చెప్పింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

మిస్ గిల్‌మోర్ మూడో డబ్బా ముందుకి లాగి, అడుగున పరిచిన కాగితం ఎత్తి, దాని కిందనుంచి సన్నని నీలం ఉత్తరం తీసింది. చేతికివ్వలేదు, తనే చదివింది. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించింది.

అంతకుముందు ఏడాది వానాకాలంలో, పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతె రాత్రివేళ పడవలో ఆసుపత్రికి వచ్చిందని రూత్ రాసింది. పెళ్ళి కాలేదు. ఒంటరిగా వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. నలభై రోజులకి ఆ పసిబిడ్డని తనే మద్రాసు తీసుకెళ్ళి, బిడ్డలు లేని దంపతుల చేతుల్లో పెట్టి ఓడ ఎక్కించింది. తల్లి ఏడవలేదు. ఆసుపత్రి వంటింట్లో పని ఇస్తే చేసుకుంటూ ఉండిపోయింది. ఆ వంటింట్లోనే రూత్ చూసింది. రోజూ బియ్యం కొలిచి, ముందొక పిడికిలి తీస్తుంది, అది గుడికి. ఆ తరవాత ఇంకొకటి తీస్తుంది. మిగతా వంటవాళ్ళు అడిగితే లేని వేళ్ళ వాటా అని నవ్వుతుంది. 'అది ఎవరి వాటానో నాకు తెలుసు హెస్టర్. నేను చూస్తున్నానని ఆమెకీ తెలుసు. మేమిద్దరం ఆ మాట ఎప్పుడూ మాట్లాడుకోలేదు.'

ముసలావిడ ఉత్తరం మడిచింది.

వసంతకుమారికి లాకులపాలెం వంటింట్లో గూట్లో పక్కపక్కన ఉండే రెండు డబ్బాలు కళ్ళకి కట్టాయి. పెద్ద డబ్బా ఆదివారం గుడికి వెళ్ళేది. చిన్న డబ్బా ఎక్కడికి వెళ్ళేదో ఆమె ఎన్నడూ అడగలేదు. ఏడాదికొకసారి, వానాకాలంలో, అమ్మ ఆ బియ్యంతో పరమాన్నం వండి వీధిలో ఆడపిల్లలందరినీ పిలిచి పెట్టేది. ఎవరి పుట్టినరోజూ కాదు కదా అని నాన్న ఆ పూట అన్నం తినకుండా బడికి వెళ్ళిపోయేవాడు. చిన్నతనం, పరమాన్నం దొరికితే చాలు.

నాకొక అక్క ఉంది అని మనసులో అనుకుని చూసింది. ఆ మాట నిలవలేదు. ఈ ముసలావిడ చెప్పింది కనక ఉందా? సంతకం కావలసిన మనిషి, యాభై ఏళ్ళ కవిత్వం వెనకేసుకున్న మనిషి, తల్లీ పిల్లల కథ ఎక్కడ ఎలా తిప్పితే కన్నీళ్ళొస్తాయో తెలిసిన మనిషి. ఉత్తరం తన చేతికి కూడా ఇవ్వలేదు.

"ఆ పిల్ల ఏ దేశం వెళ్ళింది?"

"రూత్ రాయలేదు." చెప్పింది గాని, ఆవిడ చూపు ఒక్క క్షణం ఏడో డబ్బా మీదికి పోయి వచ్చింది. వసంతకుమారి ఆ చూపుని పట్టుకుంది.

"ఇంకా ఏముంది మిస్ గిల్‌మోర్?"

"నువ్వు సంతకం పెట్టాక ఇద్దామనుకున్నాను" అంది ముసలావిడ. అని, తన మాట తన చెవిన పడ్డట్టు సిగ్గుపడి, లేచి ఏడో డబ్బా మూత తీసింది. "కాదులే. అలా అనుకోవడం నాకే బాగాలేదు. ఇది నాది కాదు. రూత్ ఐర్లండు తిరిగొచ్చి, అక్కడే పోయాక ఆమె సామానులో దొరికింది. నేను విప్పలేదు. పద్యం విషయంలో ఒకసారి చెయ్యకూడని పని చేశాను, రెండోసారి చెయ్యలేదు."

కవరు. ఐర్లండు బిళ్ళలు. తేదీ ముద్ర పంతొమ్మిదివందల అరవై ఆరు. అంటికించిన చోట ఇంకా అలాగే అంటుకుని ఉంది. రూత్ చెల్లెలికి చదవరాని తెలుగులోనే, బడిపిల్ల రాతలాంటి గుండ్రటి అక్షరాల్లో చిరునామా రాసింది: జక్రయ్య మాస్టారి భార్య సలోమమ్మ, లాకులపాలెం. దాని మీద అడ్డంగా తిరుగు టపా ముద్ర కొట్టి ఉంది.

ముద్ర పక్కన ఎర్ర సిరాతో ఒక్క వాక్యం. 'ఈ పేరు గలవారు ఈ ఊరిలో లేరు.' కింద స్కేలు పెట్టి గీసిన రెండు గీతలు.

అరవై ఆరులో అమ్మ ఆ ఊళ్ళోనే ఉంది. ఆ ఇంట్లోనే ఉంది. పోస్టుమాన్ ఉత్తరం తెచ్చిన వేళకి వంటింట్లో బియ్యం కొలుస్తూ ఉండి ఉంటుంది. ఎర్ర సిరా, వాక్యం కింద రెండు గీతలు. అలా గీసే మనిషి లాకులపాలెంలో ఒక్కడే. ఆ చేతిరాత కిందే వసంతకుమారి పలక మీద అక్షరాలు దిద్దుకుంది.

నాన్నకి తెలుసు. నాన్నకి మొదటినుంచీ తెలుసు.

మిస్ గిల్‌మోర్ ఏదో అంటోంది. ఆమెకి వినిపించలేదు. కవరు బరువుగా ఉంది. బొటనవేలితో మెల్లిగా తడిమింది. లోపల మడత పెట్టిన కాగితం, ఆ మడత మధ్య నలుచదరంగా, దళసరిగా, వంగని అట్ట ఒకటి తగిలింది. ఫొటో అంత.